మేం ఎన్నుకోని కమిటీ

పగటి షిఫ్టు వదిలారు. బట్టల మిల్లు గేటు పక్కనున్న పిల్లల గది ముందు మేమంతా గుమిగూడాం. లోపల అంతమంది పిల్లలున్నా చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. మేం గడప దాటకూడదు. ఆయా ఒక్కొక్క బిడ్డనూ తెచ్చి మా చేతికి అందిస్తుంది. అది మేనేజరు పెట్టిన రూలు.

బస్తాల తాత మనవరాలిని అందుకున్నాడు. గోదాములో బస్తాలు మోసే మనిషి. తల్లి లేని ఆ పిల్లను ఆయనే సాకుతున్నాడు.

"లే తల్లీ, ఇంటికి పోదాం" అని బుగ్గ తట్టాడు. పిల్ల తల వాలిపోయింది. పెదవులు నల్లబడ్డాయి.

అందరం ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరమ్మ ఒక్కటే అడిగింది: "ఈ పిల్లకి నిద్రమందు ఎవరు పట్టారు?"

ఎవరి బిడ్డ ముఖం వాళ్ళం చూసుకున్నాం. నా చంకలో నా కొడుకు కూడా మొద్దునిద్రలో ఉన్నాడు. నా బిడ్డ ఎంత బుద్ధిమంతుడో అని ఇన్నాళ్ళూ మురిసిపోయాను.

తాత మనవరాలు బతికింది. కళ్ళు తెరిచింది గానీ తాతను పోల్చుకోలేదు.

మిల్లులో గుసగుసలు రాజుకున్నాయి. మేనేజరు క్యాంటీన్లో మీటింగు పెట్టించాడు. "పిల్లల గదికి ఇకనుంచి తల్లిదండ్రుల కమిటీ. పెత్తనమంతా మీదే" అన్నాడు. అధ్యక్షురాలిని కూడా ఆయనే ప్రకటించాడు: కండెలక్క. మరమగ్గాలకు నూలు కండెలు అందించే మనిషి. నోట్లో నాలుక లేదని పేరు. అందుకే ఏరుకున్నాడు.

మిల్లు సరుకు కొనే కంపెనీనుంచి వచ్చిన పెద్దమనుషులు ఫొటోలు తీస్తున్నారు. మేనేజరు కండెలక్క చెవి దగ్గరికి వంగి, "గది బాగుంది, మాకు తృప్తిగా ఉంది అని చెప్పి కూర్చో" అన్నాడు. మైకు ఆన్‌లో ఉన్న సంగతి ఆయనకు తెలియదు. హాలంతా విన్నది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

కండెలక్క మైకు దగ్గరికి జరిగి అడిగింది: "అయ్యా, నేను అధ్యక్షురాల్నంటున్నారు. మరి ఆ గదిలోకి పోయి చూడొచ్చా?"

"తల్లుల్ని చూస్తే పిల్లలు ఏడుస్తారమ్మా."

"ఏడవనివ్వండి. బతికున్నారని తెలుస్తుంది."

"ముందు కూర్చో!"

"ఈ కుర్చీ మీరు వేసింది, వీళ్ళు కాదు. రేపు లాగేసేదీ మీరే. నాకొద్దు." వేదిక మెట్లు దిగి వచ్చి మా మధ్య నేల మీద కూర్చుంది.

ఆ రోజునుంచి గేటు దగ్గర కొత్త ముఖాలు కనబడ్డాయి. ఇంటిదాకా వెంట వచ్చేవాళ్ళు. ఏమీ అనేవాళ్ళు కాదు. మా గుమ్మాలు ఒక్కొక్కటే చూసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. అది తిట్టుకన్నా భయంగా ఉండేది.

అయినా అన్నం వేళ గోదాము వెనక కలిశాం. ముందు రేగిన గొడవ ఆయా మీదే.

"దాని జుట్టు పట్టి ఈడ్చాలి!" అన్నాడు ఒక మగ్గం మనిషి.

"ఈడ్చి? రేపు ఇంకో ఆయాని పెడతారు. ఆమె చేతికీ అదే సీసా ఇస్తారు" అంది కండెలక్క.

అప్పటికే ఆయా గోడ వారగా వచ్చి నిలబడింది. "పట్టింది నేనేనమ్మా. ఒక్కదాన్ని, గదినిండా పసివాళ్ళు. ఏడుపు ఆఫీసుకి వినబడితే నీ పని ఊడుతుందన్నాడు మేనేజరు. మందు తెచ్చిచ్చిందీ ఆయనే."

అందరం తాత వైపు చూశాం. ఆయన భుజం మీది తువ్వాలు దులిపి పక్కన పరిచాడు.

"నీ తప్పు నేను మర్చిపోను. కానీ నువ్వూ కూలిదానివే. ఇటొచ్చి కూర్చో."

అక్కడే చేతులెత్తి మా కమిటీని మేం ఎన్నుకున్నాం. కండెలక్క, తాత, ఆయా, మరి కొందరు. షిఫ్టు షిఫ్టుకీ మాలో ఒకరు వంతులవారీగా గదిలో ఉండాలి. కన్నవాళ్ళకు తెలియకుండా బిడ్డ నోట్లో చుక్క పడకూడదు. ఇంకో ఆయాను పెట్టాలి. ఇది అడగడం కాదు, తెల్లారితే అమలు చేయడమే.

పొద్దున్నే, మొదటి రోజని, కండెలక్క, తాత ఇద్దరూ గడప దాటి లోపల కూర్చున్నారు. మందు సీసాలు మోరీలో ఒంపారు. ఎండ ఎక్కకముందే పోలీసు వ్యాను వచ్చింది. అక్రమంగా చొరబడ్డారట! తాతను కాలర్ పట్టి లాక్కుపోయారు. కండెలక్క వ్యాను ఎక్కుతూ, "వంతు తప్పనివ్వకండే" అని అరిచింది. తలుపు వేసేశారు.

మేనేజరు చేతులు దులుపుకున్నాడు. "కమిటీ అయిపోయింది. పనిలోకి పొండి."

మా కాళ్ళు కదల్లేదు. వీధి చివర రెండో వ్యాను ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

పిల్లల గది తలుపు లోపలినుంచి తెరుచుకుంది. ఆయా గడపలో నిలబడి, మేనేజరు ముఖం చూడకుండా మమ్మల్నే చూస్తూ గట్టిగా అడిగింది:

"తర్వాతి వంతు ఎవరిదమ్మా?"

నాది. కొడుకును చంకనెత్తుకుని ముందుకు నడిచాను. వెనక మగ్గాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతున్నాయి. వీధి చివర వ్యాను మావైపు కదిలింది.