హోరులో పెదాల మాట

జలపాతం చూడ్డానికి వెళ్దామన్నది పెద్దదే. ఆమె తర్వాత ఆ ఇంట్లో ఇంకెవరూ పుట్టకపోయినా, అందరికీ ఆమె పెద్దదే. వాళ్ళ వైపు కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. తండ్రి పనిచేసే బట్టల మిల్లులోనే ఇప్పుడు ఆఫీసులో కూర్చుంటోంది. సెలవు రోజున బస్సెక్కి కొండకు పోయి రావడం ఆ ఇంటికి అలవాటు లేని పని. అందుకే తల్లికి ముందే అనుమానం వచ్చింది.

“నీళ్ళు పడటం చూడ్డానికి అంత దూరమా? మన వీధి కుళాయి కట్టెయ్యడం మర్చిపోతే రోజూ కనబడేదే,” అంది మేనత్త. అన్నదే గానీ, అందరికంటే ముందు చెప్పులేసుకున్నదీ ఆవిడే.

పెద్దదాని మనసులో ఒకటే బరువు. మర్నాటి నుంచి తండ్రిని మగ్గాల షెడ్డులోంచి తీసి, నేసిన బట్ట మడతపెట్టే మడతల గదికి వేస్తున్నారు. ఆ చప్పుడులో ఇంకొన్నాళ్ళుంటే మిగిలిన కాస్త వినికిడీ పోతుందని చెవుల డాక్టరు అన్నాడు. ఆ మాట పట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళి, మార్చమని అడిగింది తనే. తండ్రికి మాత్రం ఇంకా చెప్పలేదు. ఇంట్లో చెబితే గొడవవుతుందని, కొండగాలి తగిలి ఆయన మెత్తబడ్డాక చెబుదామనుకుంది.

బస్సులో వీలుపడలేదు. మలుపు తిరిగినప్పుడల్లా మేనత్త వచ్చి తండ్రి మీద పడుతోంది.

“తోడబుట్టినదానివి కాబట్టి మోస్తున్నా. లేకపోతే నీ టిక్కెట్టు డబ్బులు నాకే ఇమ్మనేవాణ్ణి,” అన్నాడాయన. బస్సంతా తిరిగి చూసింది. షెడ్డులో పనిచేసేవాళ్ళకు గొంతు తగ్గించడం రాదు.

రాతి గోడ మీంచి నీళ్ళు మూడు పాయలుగా దూకుతున్నాయి. ఆ హోరులో వచ్చినవాళ్ళంతా ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటున్నారు. వీళ్ళకు ఆ అవసరం లేదు. మగ్గాల మధ్య ఎవరి మాటా వినబడదు కనుక, షెడ్డువాళ్ళు గొంతు లేకుండా పెదాలతోనే మాట్లాడుకుంటారు. పెళ్ళికి ముందు తల్లి కూడా అక్కడే పనిచేసింది. ఇంట్లోనూ అదే నడిచింది. పెద్దది మాటలు నేర్చినప్పుడే పెదాలు చదవడమూ నేర్చుకుంది. రానిది మేనత్త ఒక్కదానికే.

తండ్రి ప్యాంటు మడిచి కింద రాళ్ళ మీదికి దిగాడు. తల్లి మెట్ల మధ్యలో ఆగిపోయింది. పైన కంచె దగ్గరున్న పెద్దది, తండ్రి అంత దూరంలో ఉన్నాడు కదా అని, తల్లి వైపు వంగి పెదాలు కదిపింది.

“రేపటి నుంచి నాన్న షెడ్డులో ఉండడు. మడతల గదికి మార్పించాను.”

అక్కడే పొరపాటు జరిగింది. షెడ్డులో గుట్టు మాట చెప్పేవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఎంత దూరమన్నది లెక్కలోకి రాదు. మొహం కనబడితే మాట చేరినట్టే. ఆఫీసు నిశ్శబ్దానికి అలవాటుపడి పెద్దది ఆ సంగతి మరిచిపోయింది.

“చెయ్యి అడ్డం పెట్టవే!” అంది తల్లి.

అప్పటికే ఆలస్యమైంది. తండ్రి కదలకుండా పైకే చూస్తున్నాడు.

“ఎవరు మార్చమన్నారు?” అన్నాయి ఆయన పెదాలు.

“నేనే.”

ఆయన వీపు తిప్పి, నీళ్ళ వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. పెదాలతో మాట్లాడేవాళ్ళలో అది తలుపు వేసుకోవడం. గొంతెత్తి పిలుద్దామన్నా ఆ హోరులో వినబడదు.

“ఏమైందే? అన్నయ్య ఏమన్నాడు? నాకూ చెప్పి చావండే!” అని మేనత్త ఆమె చెయ్యి పట్టుకుని గుంజింది.

పెద్దది చెయ్యి విడిపించుకుని రాళ్ళ మీదికి దిగింది. తండ్రిని దాటి, మోకాలి లోతు నీళ్ళలో ఆయనకు ఎదురుగా నిలబడింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె కదల్లేదు. తుంపర్లకు బట్టలన్నీ తడిసి ఒళ్ళు వణుకుతోంది. కాసేపటికి ఆయన ఒక కన్ను తెరిచాడు.

“జలుబు చేస్తుంది. పైకి పో.”

“రెండోది కూడా తెరువు, చెప్తాను. డాక్టరు ఏమన్నాడంటే...”

“నాకూ అన్నాడు. ఆ మాత్రం వినబడుతుంది.”

“మరి మడతల గదికేం నాన్నా? మిల్లు మొత్తంలో చప్పుడు లేని చోటు అదొక్కటే.”

“నా ఏడుపూ అదే. చప్పుడు లేని చోట అందరూ చెవులతో వింటారు. తల వంచుకుని బట్ట మడుస్తూ మాట్లాడతారు. ఎవడి పెదాలు కనబడతాయి నాకు? షెడ్డులో అందరం చెవిటివాళ్ళమే. అక్కడ నేను మేస్త్రీని. ఆ గదిలో నేనొక్కణ్ణే చెవిటోణ్ణి.”

ఇది ఆమెకు తట్టలేదు.

“నిన్ను అడగాల్సింది,” అంది.

“అడగాల్సింది.”

“కానీ ఉన్న కాస్తా పోతే ఎలా?”

“ఎవరి మాటలు వినడానికి దాచుకోమంటావు? మీ అత్తవా?”

పైన మేనత్త నోరు ఆగకుండా ఆడుతోంది. తండ్రి నవ్వాడు. పెద్దది నవ్వలేదు.

“నావి,” అంది.

ఆయన పాదాలు నీళ్ళలోంచి తీసి రాయి మీద పెట్టుకున్నాడు. తలెత్తి ఆమెకేసి చూశాడు.

“చప్పుడు చేరకుండా మిల్లులో ఇచ్చిన ఆ చెవి మూతలు పెట్టుకుంటాను. నామోషీ అని ఇన్నాళ్ళూ పెట్టుకోలేదు. షెడ్డు మాత్రం వదలను. రేపు మేనేజరుతో నేనే మాట్లాడతా. నువ్వు ఆయన వెనకాల నిలబడు. ఆ మీసాల కింద నాకు ఒక్క మాటా దొరకదు. ఆయన అన్నది అన్నట్టు చెప్పు. సొంతానికేం కలపకు.”

“కుదరదంటే?”

“కుదరదనే చెప్పు. నన్ను చూసి మెత్తబడి ఇంకోలా చెప్పావో, ఊరుకోను. ఏదీ, ఇప్పుడు అను చూద్దాం.”

పెద్దది మొహం మీది నీళ్ళు తుడుచుకుని, పెదాలు బాగా కనబడేలా కదిపింది.

“కుదరదు.”

“ఎందుకు కుదరదు సార్?” అంటూ తండ్రి రాయి మీంచి లేచి నిలబడ్డాడు.