జీడి రెండో కాలు

శేషగిరి ఉద్యోగం వేసవిలో పోయింది. నోయిడాలో ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీని పట్టుకుని ఇన్నేళ్లూ పనిచేసినవాణ్ని ఒక వీడియో కాల్‌లో మాట్లాడి పంపించేశారు. ఆ తర్వాత ఇందిరాపురంలోని ఫ్లాట్ నుంచి అతను బయటికి అడుగుపెట్టేది జీడి కోసమే. జీడి వాళ్ల కుక్క. జీడిపప్పు రంగు లాబ్రడార్. అతనిదీ, భార్య వీణదీ జీడిపప్పుకి పేరుపడ్డ పలాస కాబట్టి ఆ పేరు పెట్టారు. అపార్ట్‌మెంట్ సొసైటీలో అందరికీ మాత్రం అది హిందీలో కాజూ. పొద్దున్నా సాయంత్రమూ పార్కులో దాన్ని చూసి నలుగురు పలకరించేవారు. అతని పేరు ఎవరికీ తెలియదు. కాజూ వాళ్ల నాన్న అన్నట్టు "కాజూ కే పాపా" అనేవారు. ఆ రోజుల్లో అతనికి ఆ పిలుపు చాలనిపించేది.

వానలు తగ్గుతున్న రోజుల్లో ఒక సాయంత్రం, జీడి ఉడుత వెంటపడి, చటుక్కున పక్కకి తిరగబోయి కుయ్యిమంది. వెనక ఎడమకాలు పైకెత్తి, మిగిలిన మూడు కాళ్ల మీద గెంతుకుంటూ వచ్చి అతని చెప్పుల మీద కూర్చుంది.

పశువుల డాక్టరమ్మ దాని తొడ ఎముకను ఒక చేత్తో పట్టుకుని, కింది ఎముకను రెండో చేత్తో ముందుకు లాగింది. అది సొరుగులా జరిగి వచ్చింది.

"ఇది ఇలా కదలకూడదు," అంది హిందీలో. "మోకాలి లిగమెంటు పూర్తిగా తెగిపోయింది. ఆపరేషన్ చేసి ప్లేటు వెయ్యాలి. తర్వాత రెండు మూడు నెలలు గెంతకూడదు, మెట్లెక్కకూడదు. కోసేది నేనే, కానీ అసలు పని మీది."

చాలా రోజుల తర్వాత ఎవరో తనకు ఒక పని అప్పగించినట్టయింది శేషగిరికి.

ఆపరేషన్ బాగానే జరిగింది గానీ, మత్తు వదలడానికి చాలాసేపు పట్టింది. గుండెలో ఏదో తేడా వినిపిస్తోందని, తర్వాత చూద్దామని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఇంటికి తీసుకొచ్చాక హాల్లో టైల్స్ మీద కాళ్లు జారకుండా యోగా మ్యాట్లు పరిచారు. ఒక మూలకి సోఫా అడ్డం పెట్టి చిన్న గది చేశారు. వీణ పాత చున్నీని జీడి కడుపు కింద నుంచి పోనిచ్చి, వెనక భాగం బరువు దాని మీద పడేలా పట్టుకుని కిందికి దింపేవాడు శేషగిరి. మోకాలికి ఐసు పెట్టేవాడు. కాలు మెల్లగా మడిచి చాచేవాడు. రాత్రిళ్లు దాని పక్కనే నేలమీద పడుకునేవాడు.

వీణ రోజూ మెట్రోలో ఢిల్లీ వెళ్లి మినిస్ట్రీలో పనిచేసి వచ్చేది. ఒకరోజు వచ్చీ రాగానే అంది:

"మీ పాత ఆఫీసు రంగనాథ్ గారు మళ్లీ ఫోన్ చేసేరు. గుర్‌గావ్‌లో ఏదో ఉద్యోగం ఉందట. మీరు మాట్లాడరేటి?"

"దీని కాలు కింద పెట్టనీ. అప్పుడు మాట్లాడతాను."

"దాని కాలుకీ మీ ఉద్యోగానికీ సంబంధం ఏటండీ?"

సంబంధం ఉందనే అతని నమ్మకం.

దీపావళి అయ్యాక జీడి ఆ కాలు నిండుగా నేలమీద ఆనించింది. ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ అతని భుజం తట్టింది. శేషగిరి ఆ సాయంత్రమే రంగనాథ్‌కి ఫోన్ చేశాడు. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. జీడిని పన్నెండో తరగతి చదువుతున్న కూతురు వైశాలికి అప్పగించి గుర్‌గావ్ వెళ్లాడు.

తిరుగు ప్రయాణంలో మెట్రోలో ఉండగా ఫోన్ మోగింది. వైశాలి ఏడుస్తోంది. ఇంట్లో వాళ్లు తెలుగులో మాట్లాడినా తను హిందీలోనే జవాబిస్తుంది.

"పాపా, జల్దీ ఆవో. జీడి కా దూస్రా పైర్..."

కింద రోడ్డు మీద పెళ్లి ఊరేగింపులో టపాకాయలు పేల్చారు. వైశాలి అప్పుడే నీళ్లు తాగడానికి వంటింట్లోకి వెళ్లింది. జీడి బెదిరి సోఫా మీంచి దూకింది. మ్యాట్లు లేని చోట పడి జారింది. ఈసారి కుడికాలు.

డాక్టరమ్మ మళ్లీ ఎముక లాగి చూసింది. అదే సొరుగు. గుండె స్కాన్ కూడా తీయించి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"గుండె బాగా పెద్దదైంది. మళ్లీ మత్తిస్తే లేవకపోవచ్చు. ఆపరేషన్ నేను చెయ్యను."

"మరి?"

"పట్టీ కట్టి చూద్దాం. ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఒక కాలు పోయినవాటికి చాలాసార్లు రెండోదీ పోతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు."

వైశాలి తండ్రి వైపు చూసింది. అతను జీడి చెవులు నిమురుతూ ఉండిపోయాడు. తప్పు లేదన్న ఆ మాట కారులో కూతురితో తనూ ఒకసారి అనాలనుకున్నాడు. నోరు రాలేదు.

గుర్‌గావ్ నుంచి కబురు రాలేదు. రంగనాథ్ కూడా ఫోన్ చెయ్యడం మానేశాడు. చలి ముదిరింది. పట్టీ ఒరుసుకుని జీడి తొడ మీద పుండు పడింది. కదలిక లేక ఒళ్లు బరువెక్కింది. బాగైన కాలు మీద భారం పడి అదీ వాస్తోంది. పార్కులో పలకరించేవాళ్లు ఇప్పుడు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, సూది వేయించి శాశ్వతంగా నిద్రపుచ్చెయ్యమని సలహా ఇచ్చేవారు. వీణ కూడా ఒకసారి అడిగింది. "ఇంకా ఎన్నాళ్లు కష్టపెడతారండీ దాన్ని?" అతను గిన్నెలో పెరుగన్నం కలిపి జీడి ముందు పెట్టాడు.

జనవరిలో ఒక ఆదివారం మంచు విడిచి ఎండ వచ్చింది. తండ్రీకూతుళ్లు చెరో వైపు చున్నీ పట్టుకుని జీడిని కిందికి దింపారు. అది పార్కు గేటు దాకా కూడా రాలేక గడ్డి మీద ఒరిగిపోయింది. పక్కనే కూర్చున్నారు.

"ఆప్ ముఝే డాంట్‌తే క్యోం నహీ?" అంది వైశాలి హఠాత్తుగా.

"తిడితే ఏటొస్తాదమ్మా. నీ తప్పు లేదని డాక్టరమ్మ చెప్పింది కదా."

"డాక్టర్ నే కహా. ఆప్ నే నహీ కహా," అంది. అన్నది డాక్టరు, అతను కాదు.

అతను తలెత్తి కూతుర్ని చూశాడు. ఈ రెండు నెలల్లో ఆ పిల్ల ముఖం చిక్కిపోయింది. తను రోజూ చూసింది కుక్క కాలు ఒక్కటే.

"నీ తప్పు కాదు తల్లీ," అన్నాడు.

వైశాలి తలూపింది. ఆ మాట ఆలస్యంగా వచ్చింది. ఆమె మొహం ఏమీ తేలికపడలేదు.

"జీడి ఠీక్ హోగీ?" అని అడిగింది.

బాగవుతుంది అని ఇన్నాళ్లూ ఇంట్లో అందరికీ చెప్పింది అతనే.

"అవదమ్మా."

జీడి పడుకున్నచోటే మూత్రం పోసుకుంది. ఇద్దరూ లేచి, నీళ్ల సీసాతో దాని కాళ్లు కడిగి, చున్నీ మళ్లీ కడుపు కిందికి పోనిచ్చారు. లిఫ్ట్ దాకా వెళ్లేలోపు చాలాసార్లు ఆగాల్సి వచ్చింది.