బొమ్మ మధ్యలో మచ్చ

"పసిగుడ్డు వచ్చిందా?" అంటూ వెర్నా పాస్కో కుర్చీని తెర ముందుకి లాక్కుంది. పక్కన బల్ల మీద కొబ్బరి అద్దిన లామింగ్టన్ కేకులు. పొద్దున్నే లేచి తనే చేసి తెచ్చింది.

కరీనా నెబ్యులా అనే ఆ మహా మేఘంలో, దుమ్ము పొత్తిళ్ల నడుమ ఒక భారీ నక్షత్రం పుడుతోందని ఆవిడ సగం జీవితం వాదించింది. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా కొండ మీది ఆ పరిశోధనశాలలో నవ్వనివాడు లేడు. ఎట్టకేలకు అంతరిక్ష టెలిస్కోప్ అటు తిరిగి చూసింది. ఈలోగా ఆవిడ కళ్లు మొరాయించాయి. చూపు నడిమధ్యన నల్లమచ్చ. క్రిస్మస్‌కి అక్కడ ఎండాకాలం వచ్చేసరికి మిగిలిన చూపూ పోతుందని డాక్టరు చెప్పేశాడు.

ఫొటో తెరుచుకుంది. ఆవిడ దగ్గరే చదువుకుని, ఆవిడతోనే పనిచేస్తున్న బ్రెట్ తెర మీదికి వంగాడు.

పసిగుడ్డు ఉండాల్సిన చోట నల్లటి చిల్లు! పక్కనున్న కుర్ర నక్షత్రానికి ఇప్పుడే పూనకం రావాలా? దాని పాత వెలుగు లెక్క నమ్ముకుని, "మన పసిగుడ్డు మసక పిల్ల కదా, టెలిస్కోప్‌ని ఎక్కువసేపు చూడనివ్వు" అని పట్టుబట్టింది వెర్నాయే. తీరా అది వెలుగు కుమ్మరించి కెమెరాని ముంచేసింది. మునిగిన చోటుని కెమెరా నల్లగా వదిలేస్తుంది. టెలిస్కోప్‌ని మళ్లీ అడగాలంటే ఏడాది ఆగాలి. అడిగినా ఇస్తారన్న నమ్మకం లేదు.

"పాడు కన్ను! మచ్చ సరిగ్గా దానిమీదే కూర్చుంది," అని నవ్వింది వెర్నా. "నువ్వు చెప్పు, ఎలా ఉంది?"

బ్రెట్ కేకులు ఆవిడ దగ్గరికి జరిపాడు.

"మూగనోము పట్టావా? అక్కడే ఉందా, లేదా?"

"అక్కడే ఉంది."

అబద్ధం కాదు. నక్షత్రం అక్కడే ఉంది. ఫొటోలోనే లేదు.

"చెప్పలేదూ! నవ్విన వాళ్లందర్నీ పిలు. ఈ కేకులు వాళ్ల నోళ్లలో కుక్కుతా. ఉండు, ఓరకంటితో నేనూ ఒకసారి చూస్తా."

"ముందు కేకు తినండి, వెర్నా."

ఆవిడ అప్పటికే తల పక్కకి తిప్పేసింది. కంటిలోని మచ్చ చూపుతోపాటే జరిగి, కిటికీ అవతలి యూకలిప్టస్ చెట్టుని కప్పేసింది. తెర మీది మచ్చ మాత్రం కదల్లేదు. రెండోవైపు తిప్పి చూసింది. కదల్లేదు.

కొబ్బరి అంటిన వేలితో దాన్ని ఒకసారి తుడిచింది.

"బ్రెట్, ఇది నాది కాదు."

"కాదు." అతనికి ఏడుపు ఆగలేదు.

"అక్కడే ఉందన్నావు కదరా," అంది ఆవిడ, తెర మీంచి వేలు తియ్యకుండానే.

"అక్కడే ఉంది, వెర్నా," అన్నాడు బ్రెట్.