ఖాళీ మీద గీత

పరిశోధక విద్యార్థిని పైడితల్లి గ్రాఫులోని ఖాళీ ఈ ఉదయం కాగితం దాటి గోడమీదకి వచ్చింది. తలుపంత ఉంది. ఆఫీసు అటెండరు అసిరయ్య దాని ముందంతా ఊడ్చి, అంచున చెత్తబుట్ట పెట్టి వెళ్తున్నాడు.

గ్రాఫు ఒక బ్లేజరుది. బ్లేజరంటే ఎక్కడో దూరపు గెలాక్సీ నడిబొడ్డున కూర్చుని సూటిగా మన ముఖాన వెలుగు చిమ్మే కృష్ణబిలం. ఒక వారం మండుతుంది, ఒక ఏడాది మూతి ముడుచుకుంటుంది. పన్నెండేళ్లుగా దాన్ని రేడియోలో, మామూలు వెలుగులో, ఎక్స్ కిరణాల్లో, గామా కిరణాల్లో కొలుస్తున్నారు. ఏటా మూడు నెలలు సూర్యుడు అడ్డం వచ్చి, దుర్భిణికి అది కనబడదు. ఆ చోటు పైడితల్లి ఖాళీగా వదిలేసింది. ఆమె చేసిన నేరం అదే.

ప్రొఫెసర్ వేదాచలం గారు వస్తారు. ఆయనకంటే ముందు ఆయన దగ్గు వచ్చి కుర్చీలో కూర్చుంటుంది. ఆయన నించుంటారు.

"ఏమ్మా, ఇంకా కలపలేదా? ఈ చుక్కకీ ఆ చుక్కకీ ఒక గీత. ఇంటర్ పిల్లలు గీస్తారు."

"మధ్యలో ఏటి జరిగిందో మనం చూళ్లేదు కదండీ సార్."

"చూడలేదంటే ఏమీ జరగలేదనే. మీ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నువ్వొక్కదానివి. నీకెందుకమ్మా ఈ అనుమానాలు? సాయంత్రంలోగా గీత పడకపోతే నీ థీసిస్ మీద నా సంతకం పడదు."

ఆరేళ్ల పని. ఆమెకి ముందు తొమ్మిదిమంది ఆ గీత గీసి డాక్టర్లయ్యారు. వాళ్ల గీతలు అల్మారా పక్కన వేలాడుతున్నాయి. అసిరయ్య వాటిమీద తడిగుడ్డలు ఆరేస్తాడు.

ఆయనకి ఆమె అంటే ఎంత చులకనో, ఆమెకి ఆయనంటే అంతకు రెండింతలు. ఆమె ఆ చులకనని టిఫిన్ డబ్బాలో దాచుకుంటుంది. ఇవాళ మూత పట్టడం లేదు.

"మీరే గీయండి సార్," అని స్కేలు అందిస్తుంది.

ఆయన గోడమీది ఖాళీకి ఈ అంచు నుంచి ఆ అంచుకి గీస్తారు. "చూశావా, ఎంత తేలికో!" అని చెప్పులు విప్పి గీతమీద నడుస్తారు. ఫిబ్రవరి దాటుతారు. మార్చిలోంచి, "ఇక్కడేం లేదమ్మా, అంతా నునుపే!" అని అరుస్తారు.

ఏప్రిల్‌లో బ్లేజరు భగ్గుమంటుంది. సూర్యుడి చాటున, ఎవరూ చూడకుండా. గీత నూలుపోగులా పుటుక్కుమంటుంది.

అసిరయ్య తొంగిచూస్తాడు. "సచ్చిపోనాడేటి?"

"అలగ అనకూడదు మావా. కనబళ్లేదంతే."

ఆమె నాలుగు దుర్భిణులూ తిప్పి ప్రొఫెసర్ గారిని కొలుస్తుంది. దేన్లోనూ ఏమీ లేదు. కనబడనిదాన్ని సున్నా అని రాయకూడదు. 'ఉంటే ఇంతకంటే తక్కువే' అని కిందికి చూసే బాణం పెట్టాలి. ఆయనకీ ఆ మర్యాద చేస్తుంది. పెన్సిల్ ములికి పట్టినంత చిన్న బాణం.

తర్వాత థీసిస్ తెరిచి, సంతకం చోటుని ఖాళీకి ఎదురుగా పట్టుకుంటుంది. బ్లేజరు గామా సంతకం వెంటనే పడుతుంది. ఎక్స్ కిరణాలది దాని వెనకే. మామూలు వెలుగు సంతకం సూర్యుణ్ణి చుట్టి వస్తోంది. రేడియో సంతకానికి ఇంకా నెలలు పడతాయి. అది ఎప్పుడూ ఆలస్యమే.

కూర్చోవాలి. ఆమె కుర్చీ వైపు చూస్తుంది. ప్రొఫెసర్ గారి దగ్గు గబుక్కున లేచి, అంచున వదిలిన చెప్పులు తొడుక్కుని, చేతులు కట్టుకుని పక్కన నిలబడుతుంది.