ఉప్పు ఎక్కువైన రోజు

కూరలో రెండోసారి ఉప్పు వేసిన సంగతి ఆమెకు వెంటనే తెలిసింది. తెలిసీ అలాగే వడ్డించింది. అడిగేవాళ్లెవరు? కాపురానికి వచ్చిన నాటి నుంచీ "ఉప్పు చూసుకోవద్దూ? మీ పుట్టింట్లో ఎవరికీ నాలుకలు లేవా?" అని దులిపేసిన అత్తగారి గొంతుకు కాన్సర్ వచ్చింది. ఆపరేషన్‌లో స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు మెడ కింద చిన్న రంధ్రం, ఊపిరంతా అందులోంచే. లోపల ఒక వాల్వు పెట్టారు. రంధ్రాన్ని బొటనవేలితో మూసి గాలి వదిలితే మాట వస్తుంది, కాకపోతే రోజూ సాధన చేయాలి. "మీరే దగ్గరుండి చేయించాలమ్మా" అని మాటలు నేర్పే డాక్టరమ్మ కోడలికే అప్పజెప్పింది. సెలవు పెట్టిందీ కోడలే. "నీ ఉద్యోగానికేం, ఎప్పుడైనా చేసుకోవచ్చు" అన్నాడు భర్త. తను వెళ్లకపోతే మాత్రం ఆఫీసు కూలిపోతుందట.

రంధ్రం శుభ్రం చేయడం, కఫం తీయడం, మెత్తగా వండిపెట్టడం, అన్నీ చేసింది. సాధన ఒక్కటే చేయించలేదు. మొదట తీరిక లేక. తరువాత, నిజం చెప్పాలంటే, ఇష్టం లేక. వంటింట్లో ఎవరూ ఏమీ అనకపోతే ప్రాణానికి ఎంత హాయి! డాక్టరమ్మ ఫోన్ చేస్తే "చేయిస్తున్నానండీ, ఆవిడకే పట్టుబడటం లేదు" అని తడుముకోకుండా అబద్ధమాడింది. అత్తగారు పక్కనే ఉండి వింది. కాదనడానికి గొంతేది?

భర్త ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మొహం చిట్లించి, గ్లాసెడు నీళ్లు తాగి నవ్వాడు.

"అమ్మకు మాటుంటే ఈపాటికి ఇల్లు పీకి పందిరేసేది. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఇల్లు ఇప్పుడెంత ప్రశాంతంగా ఉందో! ఆడవాళ్లంతా ఇలా ఉంటే ఏ కొంపలోనూ గొడవలుండవు."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. అది తన మాటే. ఇన్నాళ్లూ తను లోలోపల అనుకున్నదే. అతని నోట్లోంచి వినేసరికి అదెంత నీచమో తెలిసింది. అత్తగారు తలెత్తలేదు. ఆ ఉప్పుకూరే వంకపెట్టకుండా తింటోంది. కొత్త కోడలిగా తనూ ఇలాగే, గుడ్లనీరు కుక్కుకుని, తలవంచుకుని తినేది.

చేతులు కడుక్కుని వచ్చింది. అత్తగారి చేయి కూడా తడిబట్టతో తుడిచి, ఎదురుగా కూర్చుని, ఆవిడ బొటనవేలిని రంధ్రం దగ్గరికి తీసుకెళ్లింది.

"మీకు పట్టుబడకపోవడమేం కాదత్తయ్యా. నేనే చేయించలేదు. తప్పు నాది. గాలి వదలండి. ముందు నన్నే తిట్టండి."

అత్తగారు ఆమె మొహంలోకి చూసింది. తరువాత వేలు నొక్కింది. మొదట ఉత్త గాలే వచ్చింది. ఇంకోసారి ప్రయత్నిస్తే, తుప్పుపట్టిన తలుపు తెరిచినట్టు బొంగురుగా ఒక శబ్దం.

"ఉ... ప్పు..."

"అమ్మో, మళ్లీ మొదలు!" అంటూ భర్త కంచం ముందు నుంచి లేవబోయాడు.

"ఊపిరి తీసుకోండి అత్తయ్యా, తొందరేం లేదు" అని, ఆమె అతని వైపు తిరిగింది. "మీరు కూర్చోండి. నా వంతు అయ్యాక మీదే."