నీ మొఖం

మా ఇంట్లో మెంతులు రెండు డబ్బాల్లో ఉంటాయి. స్టీలు డబ్బాలోవి పోపులకీ పచ్చళ్లకీ. ప్లాస్టిక్ డబ్బాలోవి నా మాస్కులకి. మొదటిది నిండుకుంటే ఇల్లంతా గోల. రెండోది నిండుకుంటే నాకొక్కదానికే తెలుస్తుంది. ఆ ఆదివారం పొద్దున నానిన మెంతుల్ని మిక్సీలో వేస్తుంటే మా అత్త సాయవ్వ వంటింటి గడప మీద నిలబడి, "దోసెలకానే సుకన్యా?" అంది. కాదత్తమ్మా, కాగితాల గుజ్జులోకి అన్నాను. "నలభై దాటినంక గీ బొమ్మలాటలేందే నీకు? బిడ్డ కాలేజీకొచ్చె" అంటూ తాగిన చాయ్ గ్లాసు నా చేతికిచ్చి వెళ్లిపోయింది. గ్లాసు కడగడం మాత్రం ఏనాడూ బొమ్మలాట కాలేదు.

నేను చేసేవి పాత సినిమాల్లో కనిపించే వస్తువులకు నకళ్లు. కత్తి పిడి, కిరీటం, రాణిగారి ఉంగరాల పెట్టె. టీవీలో బొమ్మ ఆపి, తెర మీద స్కేలు పెట్టి, పక్కనున్న మనిషి చేతిని బట్టి కొలత తేల్చి, ఉన్నది ఉన్నట్టు చేయాలి. అందంగా చేయడం తేలిక. అచ్చం అలాగే చేయడం కష్టం. ఎందుకు చేస్తావని అడిగితే సరిగ్గా చెప్పలేను. పొద్దుట్నుంచి నేను చేసే పనులేవీ సాయంత్రానికి మిగలవు. వండింది తినేస్తారు, ఉతికింది విడిచేస్తారు, ఊడ్చిన చోటే నడుస్తారు. కంఠేశ్వర్‌లో ఎముకల డాక్టరమ్మ దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటాను. పేరుకే రిసెప్షన్, ప్లాస్టర్ కట్లు తడిపి అందించేదీ నేనే. ఆ కట్లు కూడా ఆరు వారాలకు కోసి పారేస్తారు. నేను చేసిన వస్తువులు మాత్రం చేసినట్టే ఉంటాయి, బీరువా మీద, చలికాలపు దుప్పట్ల వెనకాల.

గుజ్జు పని మా అవ్వ గంగుబాయి దగ్గర నేర్చుకున్నాను. మా ఊరు మోస్రాలో అవ్వ పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, వెదురు చాటలకూ గంపలకూ పూసేది. ఎండితే గట్టిగా చెక్కలా అయ్యేది, పురుగు దగ్గరికొచ్చేది కాదు. ఊళ్లో సగం చాటలు ఆమె చేతి మీదుగా పోయినవే. దాన్నెవరూ విద్య అనలేదు. గంగుబాయికి చేతులు ఊరుకోవు అనేవాళ్లు, అంతే.

ఇక ఆ ఆదివారం గుజ్జు ఒక ఇత్తడి మాస్కు నకలు కోసం. చిన్నప్పుడు బాపు చెరకు బండి తోలుకుని బోధన్ ఫ్యాక్టరీకి పోతూ నన్నూ ఎక్కించుకున్నాడు. బండ్ల వరుస కదలకపోతే, పిల్ల ఏడుస్తోందని పక్కనున్న టాకీసుకు తీసుకుపోయాడు. ఏదో పాత జానపదం. అందులో సేనాపతి మొదట్నుంచి ఇత్తడి ముఖం తగిలించుకుని తిరుగుతాడు. దర్బారులో ఎవరు ఏమన్నా ఆ ముఖం మారదు. నాకది భలే నచ్చింది. పెళ్లయ్యాక ఇంకా నచ్చింది. రెండేళ్ల కిందట ఆ సినిమా ఫోన్‌లో దొరికితే ఆపి ఆపి చూశాను. ఆ మాస్కుకు ఎడమ కనుబొమ మీద మూడు గీతలు, కుడి కనుబొమ మీద రెండే. చేసినవాడు మరిచిపోయాడో, షూటింగులో రాలిపోయిందో తెలియదు. నకలు చేసేవాళ్లు ఆ తప్పును కూడా తప్పకుండా చేయాలి.

ముఖానికి పెట్టే వస్తువు చేయాలంటే ముందు ఒక ముఖం కావాలి. వాజిలిన్ రాసి, తడిపిన ప్లాస్టర్ కట్టు ముక్కలు పరిచి, ముక్కు రంధ్రాలు వదిలి, ఇరవై నిమిషాలు ఆగాలి. ఆ అచ్చులో ప్లాస్టర్ పోస్తే ముఖం వస్తుంది, దాని మీద గుజ్జు పూయాలి. నేను మా ఆయన నాగేందర్‌ని అడిగాను. ఆయన ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో ఫోన్ చూస్తున్నాడు.

"జర ఇర్వై నిమిషాలు కదలకుంట కూసోండ్రి. మీరు ఫోన్ సూస్తె గంట కూసుంటరు గద."

"నీ మొఖం! నాకేం పన్లేదా? గంత సోకుంటె నీ మొఖం మీదనే ఏస్కో."

'నీ మొఖం' మా ఇంట్లో చాయ్ లాంటిది, రోజుకు మూడు పూటలా ఉంటుంది. ఫ్యాన్ స్విచ్ పాడైందేమో అంటే నీ మొఖం. బిడ్డకు ఆ కోర్సు వద్దు అంటే నీ మొఖం. కోపంగా కూడా అనడు, నవ్వుతూనే అంటాడు. పద్దెనిమిదేళ్లు విన్నాక ఆ మాట చెవికి తగలడం మానేసింది, ఇంకెక్కడో తగులుతూనే ఉంది. అత్తమ్మను అడిగితే తనకు ఊపిరాడదంది. బిడ్డ సెలవులకు వచ్చినప్పుడు అడిగితే "మొటిమలొస్తయి మమ్మీ" అంది. మా ఇంట్లో నాకివ్వడానికి ఎవరి దగ్గరా ఇరవై నిమిషాలు లేవు.

సరే, ఆయన చెప్పినట్టే నా ముఖం మీదే వేసుకున్నాను. క్లినిక్ మధ్యాహ్నం రెండు నుంచి ఐదింటి దాకా మూస్తారు. గది తలుపు గడియ పెట్టి, అద్దం ముందు కూర్చుని, ఒక్కో ముక్కా అతికించుకున్నాను. చివరికి కళ్లు మూసుకుని వాటి మీద కూడా పరిచాను. చల్లగా ఉన్న ప్లాస్టర్ మెల్లగా వెచ్చబడింది. బయట అత్తమ్మ తలుపు కొట్టింది, "సుకన్యా, చాయ్ పెడ్తవా పెట్టవా?" నోరు తెరిస్తే అచ్చు పాడవుతుంది. నేను పలకలేదు. నాలుగుసార్లు పిలిచి, గొణుక్కుంటూ పోయింది. కాసేపటికి వంటింట్లో స్టవ్ వెలిగిన చప్పుడైంది. ఆమే పెట్టుకుంది. ఆ చీకట్లో నాకు నవ్వొచ్చింది, నవ్వకూడదు, పెదాలు బిగబట్టుకున్నాను. అలా ఏమీ చేయకుండా, ఎవరికీ బదులివ్వకుండా ఇరవై నిమిషాలు కూర్చుని ఎన్నేళ్లయిందో లెక్క తేలలేదు. తడి కట్టు కింద కన్నీళ్లొచ్చాయి. ఆ అచ్చులో కళ్ల కింద కొంచెం గరుకుగా ఉండటానికి కారణం అదే.

కొలతలన్నీ నా ముఖానికి తగ్గించి లెక్కవేసుకుని, మూడు నెలలు పూశాను, ఆరబెట్టాను, గీకాను, ఇత్తడి రంగు వేశాను. బయటికి సేనాపతి, లోపల నేను.

వినాయక చవితికి మా కాలనీ మండలి వాళ్లు పాత సినిమా సీన్లు వేద్దామన్నారు. మండలి సెక్రటరీ నాగేందరే. మాస్కు ఒకటి ఉందని అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. మర్నాడు క్లినిక్‌లో డాక్టరమ్మ విజయశ్రీగారు ఫోన్ చూస్తూ, "ఏమ్మా సుకన్యా, మీ ఆయన చేతిలో ఇంత కళ ఉందని ఎప్పుడూ చెప్పలేదేంటి?" అన్నారు. కాలనీ గ్రూపులో నా మాస్కు ఫోటో. కింద, తయారీ: నాగేందర్. కుడి కనుబొమ మీద మూడో గీత కూడా ఉంది, నల్ల స్కెచ్ పెన్నుతో గీసింది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

ఇంటికి వచ్చి నాగేందర్‌ని అడిగాను.

"ఇంట్ల చేసింది ఇంటోల్లదే గదనే. మండలిల అందరు మగోల్లు, ఆడిదాని పేరేం పెట్టాలె? నువ్వొక గీత మర్శిపోయినవ్, నేనే సరి జేసిన. గది తయారీ గాదా?"

"అది మర్శిపోయింది గాదు. సినిమాల గట్లనే ఉన్నది."

"నీ మొఖం. ఎవడు లెక్కవెడ్తడు గీతలు?"

నేను లెక్కపెడతాను. ఆ మాట పైకి అనలేదు. దూదిని స్పిరిట్‌లో ముంచి, ఇత్తడి రంగు పోకుండా, ఆ గీతను ఒక్కటే తుడిచేశాను.

ప్రోగ్రాం ఆదివారం, క్లినిక్‌కు సెలవు. సాయంత్రం ఐదింటికి మండపం పక్కన కుర్చీలు వేశారు. ముందు వరసలో అత్తమ్మ, డాక్టరమ్మ. నేను స్టేజీ వెనక అందరి చీరలకూ పంచెలకూ పిన్నులు పెడుతున్నాను. నాగేందర్ సేనాపతి అంగీ వేసుకుని, మాస్కు తగిలించుకుని, రెండడుగులు వేసి కుర్చీకి తన్నుకున్నాడు.

"గిదేంది, ఏం కనవడ్తలేదు! ముక్కు గూడ నొస్తున్నది."

కంటి రంధ్రాలు ఆయన కళ్లకు కుదరలేదు. నోటి చీలిక గడ్డం మీద ఉంది. మాస్కు తీసి, మండపం అలంకరణకు తెచ్చిన కత్తెర తీసుకుని నా ముందు పెట్టాడు. "జల్ది, కండ్ల కాడ జర కోసి పెద్దగ చెయ్. మనది రెండో నంబర్."

నేను కత్తెర తీసుకోలేదు. మాస్కు మాత్రం ఆయన చేతిలోంచి తీసుకున్నాను.

"నేను కొయ్య."

"పరాష్కమాడ్తున్నవా? పది నిమిషాల్ల పిలుస్తరు. నువ్వు కొయ్యకపోతె నేనే కోస్త, ఇటియ్యి."

ఇవ్వలేదు. రెండు చేతులతో గుండెకు ఆనించుకున్నాను. వేళ్లు వదల్లేదు. పేర్లు పిలిచే రామ్‌దాస్ మైకు పట్టుకుని లోపలికి వచ్చాడు. మా ఇద్దర్నీ చూశాడు, మాస్కును చూశాడు.

"నాగన్నా, నువ్వే చేసినవంటివి, నీకే పడ్తలేదా? మరి ఎవరి మొఖానికి చేసినవే?"

నాగేందర్ నా వైపు చూశాడు. పద్దెనిమిదేళ్లలో ఆయన నా జవాబు కోసం ఎదురుచూడటం అదే మొదటిసారి.

"నా మొఖం" అన్నాను.

అందరూ గొల్లుమన్నారు. రామ్‌దాస్ చేతిలో మైకు ఆన్‌లోనే ఉంది కాబోలు, బయట కుర్చీల్లో కూడా నవ్వారు. 'నా మొఖం' అంటే ఎవరైనా నవ్వుతారు, తనను తాను తీసిపారేసుకునే మాట కదా అది. నేను మాస్కు తగిలించుకున్నాను. ముక్కు ముక్కు దగ్గర, చెంపలు చెంపల దగ్గర, కళ్ల కింద ఆ గరుకు కూడా దాని చోట అది కూర్చుంది. తాడు కట్టనక్కరలేకుండానే నిలిచింది. ముందు రామ్‌దాస్ నవ్వు ఆగింది, తర్వాత ఒక్కొక్కరిదీ.

"రెండో నంబర్ పిలువు రామ్‌దాసూ" అన్నాను, "పేరు సుకన్య."

మెట్లెక్కుతూ ఒకసారి వెనక్కి తిరిగాను. ఆ రెండు రంధ్రాల్లోంచి నాకు అందరూ చక్కగా కనిపిస్తున్నారు, కత్తెర పట్టుకుని నిలబడ్డ నా మొగుడితో సహా.