ఎదురింటి గిన్నె

రండి, ఇలా ముందుకి జరిగి కూర్చోండి. ఆ గోడవారన గుసగుసలాడేవాళ్లు తమ మాటలు మూటగట్టి చెప్పుల పక్కన పెట్టండి, వెళ్లేటప్పుడు తీసుకుందురుగాని. ఇది పదిహేనేళ్ల అప్పుని ఆరేళ్లలో తీర్చేసిన ఒక ఇంటి కథ. నమ్మకం లేకపోతే కొత్తగూడ వెళ్లి ఎవరినైనా అడగండి. వాళ్లు నాకన్నా పెద్దగా చెబుతారు.

ఆ కొత్తగూడలో ఒక చిన్న అపార్ట్‌మెంటు. అందులో మొదటి అంతస్తు ఫ్లాటు పుణ్యవతి, రామ్మోహనరావులది. భీమవరం దగ్గర పల్లెటూరి నుంచి వచ్చినవాళ్లు. ఆయన బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. వాళ్లు బ్యాంకు అప్పు మీద ఇల్లు కొన్నప్పుడు చుట్టూ బండరాళ్లూ సీతాఫలం చెట్లూ తప్ప ఏమీ లేవు. తర్వాత మాదాపూర్ వైపు హైటెక్ సిటీ కడతామని ఆ బండలు పేల్చడం మొదలుపెట్టారు. ఆ పేలుళ్లకి ఇళ్లు ఎంతగా అదిరేవంటే, పుణ్యవతి కవ్వం పట్టుకోవడమే మానేసింది. పెరుగు కుండ కిటికీలో పెట్టి ఊరుకుంటే, మధ్యాహ్నానికల్లా వెన్న దానంతటదే తేలేది.

"చూశారా, బండలు కొట్టేవాళ్లు కూడా మన పొదుపుకి సాయపడుతున్నారు" అనేది భర్తతో.

పొదుపు ఆలోచన ఆవిడదే. "బ్యాంకువాళ్లు పదిహేనేళ్లు కట్టమన్నారని మనం పదిహేనేళ్లూ తలమీద మోయాలా? మన అమ్మాయి వాసంతి పదో తరగతి దాటేలోపు దించేద్దామండీ" అంది ఒకరోజు. ఆయన సరేనన్నాడు. స్కూటరు అమ్మి ఆ డబ్బు అసలుకి జమ కట్టి, తను సైకిలెక్కాడు. పుణ్యవతి బీరకాయ చెక్కుతో పచ్చడి చేసేది, పుచ్చకాయ డిప్పతో కూర వండేది. పాత చీరలు కిటికీ తెరలయ్యాయి, తెరలు సంచులయ్యాయి, సంచులు మసిగుడ్డలయ్యాయి. సాయంత్రాలు మేడ మీద చాప వేసుకుని, గాలికి పంకా ఖర్చు లేదని ముగ్గురూ నవ్వుకునేవారు. ఆ నవ్వులో లోటు అనే మాటకి చోటే ఉండేది కాదు.

వచ్చిన చిక్కల్లా ఎదురింటి గిన్నెతో వచ్చింది.

ఎదురింట్లో రాజరాజేశ్వరి ఉండేది. వాళ్లది గుడివాడ, భర్త పార్థసారథి కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగి. ఒకసారి ఆవిడ గిన్నెడు ముద్దపప్పు పంపింది. మన వైపు ఇంటికొచ్చిన గిన్నెని ఖాళీగా తిప్పి పంపరు కదా. పుణ్యవతి గోంగూర పచ్చడి పెట్టి పంపింది. ఈసారి అటునుంచి సేమ్యా పాయసం వచ్చింది. పాయసం తెచ్చిన గిన్నెలో మళ్లీ పచ్చడేం పెడతాం అని పుణ్యవతి రవ్వలడ్డు పెట్టింది. అటునుంచి కోవా కజ్జికాయలు. ఇటునుంచి జీడిపప్పు పాకం. గిన్నె కాస్తా తపేలా అయింది, తపేలా గుండిగ అయింది. చివరికి గుమ్మంలో పట్టక అడ్డంగా తిప్పి పట్టుకెళ్లాల్సి వచ్చింది.

నెలాఖరున అసలుకి కట్టడానికి ఏమీ మిగల్లేదు. రామ్మోహనరావు మెల్లగా అన్నాడు, "పుణ్యం, మన జీతం గిన్నెలో పడి ఎదురింటికి వెళ్లిపోతోందే."

ఆ రోజంతా పుణ్యవతికి మనసు మనసులో లేదు. లేదని చెబితే చిన్నతనం. గిన్నె వద్దంటే తగువు. మర్నాడు రాజరాజేశ్వరి బొబ్బట్లతో గుమ్మంలో నిలబడేసరికి, పుణ్యవతి నోటి నుంచి తనకే తెలియకుండా ఒక మాట జారింది.

"వద్దండీ వదినగారూ. మా ఆయనకి షుగరొచ్చింది. ఇంట్లో తీపి అన్నదే ఉండకూడదన్నారు డాక్టరుగారు."

సైకిలు తొక్కీ తొక్కీ రామ్మోహనరావు అప్పటికే సన్నబడి ఉన్నాడు. ఇంకేముంది, అందరూ ఇట్టే నమ్మేశారు. ఇంతకాలం మిఠాయిలు వచ్చిన గుమ్మంలోకి మర్నాటి నుంచి కాకరకాయ రసం రావడం మొదలైంది. పై అంతస్తువాళ్లు నానబెట్టిన మెంతులు, కింద ఇంటివాళ్లు వేపచిగురు ఉండలు. పాలుపోసే కిష్టమ్మ నేరేడు గింజల పొడి డబ్బాతో వచ్చింది.

"ఏందమ్మా, సారు గిట్ల బక్కగయిండు? గీ పొడి పొద్దుగాల పరగడుపున తాపియ్యి. ఫికర్ చెయ్యకు, మా మామకు గిట్లనే తక్కువైంది" అని, ఆయన మింగేదాకా అక్కడే కూర్చుంది.

రామ్మోహనరావు చక్కెర లేని కాఫీ తాగుతూ నలుగురిలో నిట్టూర్చడం నేర్చుకున్నాడు. బెల్లంముక్క కావాలంటే స్నానాలగదిలో గడియ పెట్టుకుని తినేవాడు. ఆయన మొహం ఎంత చేదెక్కిందంటే, వాలిన దోమ తుమ్ముకుంటూ లేచిపోయేది.

"అప్పు తీర్చడం ఇంత చేదుగా ఉంటుందని బ్యాంకువాళ్లు ముందే చెప్పాల్సింది" అన్నాడు.

పుణ్యవతికి నవ్వు రాలేదు. ఎందుకంటే డబ్బు మళ్లీ మిగులుతోంది గాని, ఆవిడ మేడ మీదికి వెళ్లడం మానేసింది. ఆడవాళ్లందరూ "ఎలా ఉందమ్మా" అని అడుగుతుంటే, ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం అతికించలేక తలుపేసుకుని లోపలే ఉండేది. ఇల్లు తొందరగా సొంతమవుతోంది. ఇరుగుపొరుగు మాత్రం దూరమవుతున్నారు. ఇలాగే సాగితే అప్పు తీరిన రోజున ఆ సంతోషం చెప్పుకోడానికి నాలుగు గోడలే మిగులుతాయేమోనని ఆవిడకి బెంగ పట్టుకుంది.

వినాయకచవితి వెళ్లిన మర్నాడు రాజరాజేశ్వరి వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఈసారి మా ఇంట్లో పాయసం చెయ్యలేదు వదినగారూ. వాసన మీ ఇంట్లోకి వస్తే అన్నయ్యగారి ప్రాణం ఉసూరుమంటుందని. దేవుడికి ఉండ్రాళ్లతోనే సరిపెట్టేశాను. పిల్లలు గునిశారనుకోండి. అన్నయ్యగారికి తగ్గాక తిందురుగాని లెండని సర్దిచెప్పాను."

అంతే. పుణ్యవతి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. "షుగరూ లేదు, ఏమీ లేదు. ఈ ఇంటి మీద అప్పు ఉంది. మీ గిన్నెకి సరితూగలేక అబద్ధమాడాను. నన్ను తిట్టండి, పడతాను."

రాజరాజేశ్వరి భుజాలు ఊపుకుంటూ నవ్వడం మొదలుపెట్టింది. ఎంతసేపు నవ్విందంటే, ఆ పూట బండలు పేల్చేవాళ్లు తమకన్నా పెద్ద చప్పుడు ఎక్కడిదా అని పని ఆపేశారట.

"అయ్యో వదినగారూ. మీ గిన్నె వస్తుందంటే నాకూ గుండెదడే. ఆ కోవా కజ్జికాయలు నేను చేశాననుకున్నారా? అమీర్‌పేటలో మిఠాయి కొట్టువాడి దగ్గర ఖాతా పెట్టి తెప్పించాను. మాకూ ఇంటి అప్పుందండీ. కంప్యూటర్ ఉద్యోగమని పేరేగాని, వాయిదా కట్టేరోజు మా ఆయన మొహం చూడాలి. మీ షుగరు మాట విన్నాక ఆ కొట్టువాడి బాకీ తీరిపోయింది."

"మరి ఇంతకాలం మనం ఎవరికోసం వండుకున్నట్టు?" అంది పుణ్యవతి కళ్లు తుడుచుకుంటూ.

"గిన్నె కోసం" అంది రాజరాజేశ్వరి.

ఆ సాయంత్రమే పుణ్యవతి మేడెక్కి ఆడవాళ్లందరి ముందూ ఉన్నమాట చెప్పేసింది. కొందరు బుగ్గలు నొక్కుకున్నారు. కిష్టమ్మ మాత్రం, "నా పొడి డబ్బ నాకియ్యి మల్ల" అని చెయ్యి చాపింది. దిగొచ్చాక పుణ్యవతి బీరువా మీద మిగిలిపోయిన ఎదురింటి గిన్నెని కడిగి, విరిగిన బకెట్టులో పెంచుకుంటున్న కరివేపాకు నాలుగు రెమ్మలు కోసి అందులో వేసి పంపింది. మర్నాడు ఆ గిన్నె రెండు నిమ్మకాయలతో తిరిగొచ్చింది. ఆ తర్వాత చారెడు చింతపండు, ఒకసారి చారుపొడి, ఒకసారి ఊరికే నాలుగు మందారాలు. ఇద్దరూ కలిసి ఎర్రగడ్డ రైతుబజారుకి వెళ్లి, ఒకే బస్తాలో కూరగాయలు తెచ్చి పంచుకునేవారు. గిన్నె మళ్లీ చిన్నదైంది. ఇంటి మీద అప్పూ అలాగే చిన్నదైంది.

ఇల్లు కొన్న ఆరో ఏట బ్యాంకువాళ్లు కాగితాలు తిరిగి చేతికిచ్చారు. ఆ ఆదివారం మేడ మీద పులిహోర, తలా ఒక లడ్డు. పెద్దమనిషి గనక మాట్లాడమని రామ్మోహనరావుని నిలబెట్టారు.

"అప్పు తీర్చాలంటే మెతుకులు లెక్కపెట్టుకోనక్కర్లేదండీ" అన్నాడాయన. "ఆర్భాటం తగ్గించుకుంటే చాలు. మేము ఆర్భాటాన్ని వదిలెయ్యడానికి సిగ్గుపడి, మనుషుల్ని వదిలేయబోయాం. లేదని ధైర్యంగా చెప్పుకోగలిగిన ఇంట్లోనే సుఖం ఉంటుంది. బీరకాయ చెక్కు పచ్చడి తిన్నా, పక్కింటివాళ్లతో నవ్వుకుంటూ తింటే ఒంటికి పడుతుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. పుణ్యవతి కరివేపాకు మొక్క వైపు చూసి నవ్వుకుంది. రామ్మోహనరావు ఇన్నాళ్లకి పదిమంది ఎదుటా లడ్డు కొరికాడు.

షుగరు కథ అబద్ధమని అపార్ట్‌మెంటంతా తెలిసింది గాని, గేటు దగ్గరుండే వాచ్‌మన్ ఎల్లయ్యకి చెప్పడం అందరూ మరిచిపోయారు. అతను విస్తరాకు చేత్తో పట్టుకుని సారు లడ్డు తినడాన్ని నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు:

"సారు, గా బ్యాంకు మస్తు మంచిగున్నది. అప్పు ఒడవంగనే షుగర్ గూడ వాపస్ తీస్కున్నరు. నాకు గూడ జర అప్పు ఇప్పియ్యరాదు, ఈ మోకాళ్ల నొప్పులు పోతయేమో."